ఇంటర్వెల్ ఎక్కడ పడాలి? తెర మీద లెక్కల పాఠం

(ఆచార్య జి. రాంరెడ్డి స్మృతికి అంకితమైన స్మారకోపన్యాస పాఠం)

తెలుగు సినిమా చిరునామా అడిగితే ఎవరైనా చెప్పేది హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని ఫిల్మ్‌నగర్ పేరే. ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో, ఎడిటింగ్ సూట్లు, డబ్బింగ్ థియేటర్లు అన్నీ ఆ గుట్ట చుట్టూనే అల్లుకుని ఉంటాయి. అదే జూబ్లీహిల్స్‌లో ఇంకో రెండు చోట్ల కూడా కెమెరాలు తిరుగుతుంటాయి. వాటి ముందు నిలబడేవాళ్లు పంతుళ్లు, పంతులమ్మలు. ఒకటి రోడ్ నంబర్ 46లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, రెండోది తెలంగాణ ప్రభుత్వ ఉపగ్రహ విద్యా ప్రసారాల సంస్థ టీ-శాట్. సినిమాకూ పాఠానికీ మధ్య ఇంత దగ్గరి పొరుగు దేశంలో అరుదు. ఆ పొరుగువాళ్లు ఒకరి పని ఒకరు చూసి నేర్చుకున్నది మాత్రం తక్కువ.

మొదటి సంస్థకు పునాది వేసిన ఆచార్య జి. రాంరెడ్డి లెక్కల మనిషి కాదు, రాజనీతి, ప్రభుత్వ పాలనా శాస్త్రాల మనిషి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశాక, 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అప్పట్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇగ్నో ఏర్పడితే అక్కడా తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. తర్వాత యూజీసీ అధ్యక్షుడిగా ఉన్నారు. 1995లో కన్నుమూశారు. కాలేజీ మెట్లెక్కే వీలులేని గృహిణులకు, కార్మికులకు, చిరుద్యోగులకు చదువు ఇంటికే పంపాలన్నది ఆయన సంకల్పం. అందుకు అచ్చు పుస్తకాలు వాడారు, రేడియో వాడారు, టీవీ వాడారు. అయితే ఆ ఏర్పాటులో ఇప్పుడు చాలామంది మరిచిపోయిన భాగం ఒకటుంది. విద్యార్థిని పుస్తకంతోనో పెట్టెతోనో ఒంటరిగా వదిలేయలేదు. ఊరూరా అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో అక్కడ ఒక అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టారు. వచ్చిన అనుమానం అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.

లెక్కలు నేర్పే వీడియోలు, ఆటల గురించి ఈ రోజు జరిగే చర్చకు ఆ అధ్యయన కేంద్రమే ఆయువుపట్టు.

కోడి వల యాంటెన్నాల నుంచి

తెలుగు పల్లెబడికి టీవీ పాఠం కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారుచేయడానికి దూరదర్శన్ మూడు కేంద్రాలు పెడితే అందులో ఒకటి హైదరాబాదుకు దక్కింది. కోళ్లకు కట్టే ఇనుప వలతో చేసిన గొడుగు యాంటెన్నాలు బడి ఆవరణల్లో వెలిశాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు.

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. కేవలం చదువు కోసమే మన దేశం పంపిన తొలి ఉపగ్రహమది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ'గా నడిచిన ఉపగ్రహ ప్రసారాలు రాష్ట్ర విభజన తర్వాత, 2017లో, 'టీ-శాట్ విద్య', 'టీ-శాట్ నిపుణ' ఛానళ్లయ్యాయి. 2020లో కరోనా బడులకు తాళం వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్ 'విద్యావారధి' పాఠాలు మోసింది. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ఇళ్లకు చేరాయి.

పాఠం ఇంటికి చేరింది. లెక్క మాత్రం పిల్లల చేతికి అంతగా చేరలేదు. తెర మీద మాస్టారు భాగహారం చేసి చూపిస్తారు. ఎక్కడా తడబడరు, ఎక్కడా ఆగరు. ఎదురుగా కూర్చున్న పిల్ల రెండో మెట్టులోనే జారిపోయిన సంగతి ఆయనకు తెలిసే దారి లేదు. గ్రామీణ భారతంలో పిల్లల చదువును ఇంటింటా తిరిగి పరీక్షించే 'అసర్' 2024 నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం మాత్రమే. అదే నివేదికలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతం చోట్ల స్మార్ట్‌ఫోన్ ఉంది. కాబట్టి కొరత తెరలకు కాదు.

వడోదర చెప్పిన సంగతి

ఆటలతో లెక్కలు వస్తాయా అన్న ప్రశ్నకు మన దేశంలోనే గట్టి జవాబు దొరికింది. గుజరాత్‌లోని వడోదర మున్సిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్ మీద లెక్కల ఆటలు ఆడించారు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి పిల్లలు. ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు ప్రశ్నలు. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తేర్ డుఫ్లో, లీ లిండెన్ కలిసి చేసిన ఆ పరిశోధన 2007లో అచ్చయింది. రెండో ఏడాదికి లెక్కల మార్కుల్లో 0.47 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల కనబడింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, వంద మందిలో సరిగ్గా నడుమ ఉన్న పిల్లవాడు ముప్ఫై రెండో స్థానం దాకా పైకి జరిగినట్టు.

సంబరపడేలోపే రెండో సంగతి. ఆటలు ఆపేసిన ఏడాది తర్వాత చూస్తే ఆ లాభం పదోవంతు విచలనం దగ్గరికి కరిగిపోయింది.

మూడో సంగతి ఇంకా పదునైంది. అదే లిండెన్ గుజరాత్‌లోనే 'జ్ఞాన్‌శాల' బడుల్లో ఇంకో ప్రయోగం చేశారు. బడి అయ్యాక అదనంగా కంప్యూటర్ పాఠం పెట్టినచోట పిల్లలు లెక్కల్లో ముందుకు వెళ్లారు. అదే పాఠాన్ని టీచరు చెప్పే పీరియడ్‌ను తీసేసి దాని స్థానంలో పెట్టినచోట వెనకబడ్డారు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే, పిల్లలూ అలాంటివాళ్లే. మారిందల్లా టీచరు ఉన్నారా లేరా అన్నది. రాంరెడ్డి అధ్యయన కేంద్రాలు దేనికి పెట్టారో ఈ ఫలితం విప్పి చెబుతోంది.

ఇక 2025లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కల టీచర్లందరూ చదవాల్సింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలు తూకం, ధర, చిల్లర అన్నీ నోటిలెక్కగా గడగడా చెప్పేస్తారు. అదే లెక్కను పుస్తకంలో ఉన్నట్టు కాగితం మీద రాసిస్తే తికమకపడతారు. బడిలో బాగా చదివే పిల్లలది దీనికి తలకిందులు: కాగితం మీద చేయగలరు, బజారులో చేయలేరు. ఫిల్మ్‌నగర్ బస్తీల్లోనూ టిఫిన్ బండి దగ్గర అమ్మకు సాయపడుతూ చిల్లర లెక్క చూసుకునే పిల్లలకు కొదవలేదు. ఈ రెండు లెక్కల మధ్య వంతెన తనంతట తాను కట్టుకోదు. ఎవరో ఒకరు పూనుకుని కట్టాలి.

వైకుంఠపాళిలో దాగిన లెక్క

ఆ వంతెనకు కావలసిన సరుకు తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉంది. వామనగుంటల్లో చింతగింజలు పంచేటప్పుడు భాగహారం, శేషం రెండూ ఉన్నాయి. అష్టాచెమ్మాలో సంభావ్యత ఉంది. నాలుగు గవ్వలు వేస్తే అవి పడే తీరు పదహారు రకాలు. ఒక్కటే వెల్లకిలా పడే తీరు నాలుగు విధాలు, రెండు పడేది ఆరు విధాలు, మూడు పడేది నాలుగు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, రెండింటికీ ఒక్కో విధమే. అందుకే రెండు ఊరికే పడుతుంది, అష్టా కోసం ఎదురుచూడాలి. నిజం గవ్వ నాణెంలా సమానంగా పడదు కాబట్టి, క్లాసులో వంద సార్లు వేయించి పట్టిక రాయిస్తే లెక్కకూ లోకానికీ ఉన్న తేడా కూడా పిల్లల కళ్ల ముందుకొస్తుంది.

వైకుంఠపాళి పటం ఇంకా ఆశ్చర్యకరం. నూరు గళ్ల పటంలో మొదటి వరుస ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పది, రెండో వరుస కుడి నుంచి ఎడమకు పదకొండు నుంచి ఇరవై. మూడు మీద పద్దెనిమిది, దాని మీద ఇరవై మూడు, ఆ పైన ముప్ఫై ఎనిమిది ఉంటాయి. ఒకదాని మీద ఒకటున్న జంటలను కూడితే 21, 41, 61. పక్క నిలువు వరుసలోనూ అవే మొత్తాలు. ఎందుకలా అని అడిగితే నాలుగో తరగతి పిల్లలు కాసేపటికి వాళ్లే పట్టుకోగలరు: కింది వరుసలో ఒకటి పెరిగినచోట పై వరుసలో ఒకటి తగ్గుతుంది. బీజగణితం పేరు ఎత్తకుండానే దాని గడప తొక్కినట్టు.

ఆడే పద్ధతి కూడా ముఖ్యమే. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఒకటి నుంచి పది దాకా వరసగా అంకెలు రాసిన పటం మీద ఆట ఆడించారు. పావుగంట చొప్పున నాలుగు సార్లు, రెండు వారాల్లో. అంకెల మీద పిల్లల పట్టు గణనీయంగా పెరిగింది. అంకెలకు బదులు రంగులు వేసిన పటం మీద ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. సీగ్లర్ తర్వాత ఎలిడా లాస్కీతో కలిసి నూరు గళ్ల పటం మీద ఇంకో మెలిక చూపించారు. 23 మీదున్న పావుకు నాలుగు పడితే 'ఒకటి, రెండు, మూడు, నాలుగు' అని జరిపిన పిల్లల కంటే, 'ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు' అని గళ్ల అంకెలు పలుకుతూ జరిపిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఫోన్‌లో ఉన్న వైకుంఠపాళి యాప్‌లో పావు తనే జరిగిపోతుంది. పిల్ల నోరు విప్పాల్సిన పని ఉండదు. అంటే లెక్క నేర్పే ఆ ఒక్క పనినీ యంత్రమే చేసేసి, పాము నోట్లో పడే సరదా మాత్రం పిల్లలకు మిగులుస్తోంది.

ఇంటర్వెల్ బ్యాంగ్

వీడియోల విషయంలోనూ ఇదే చిక్కు. ఇక్కడే ఫిల్మ్‌నగర్ కథకుల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. తెలుగు సినిమాకు ఫస్టాఫ్ రాసేదంతా ఇంటర్వెల్ బ్యాంగ్ కోసమే అనేవాళ్లున్నారు. హీరో ఎటూ తప్పించుకోలేని చోట తెర ఆగిపోతుంది. సమోసా తింటూ, టీ తాగుతూ జనం సెకండాఫ్ కథ తామే అల్లేస్తారు. తమ ఊహ నిజమా కాదా చూద్దామనే మళ్లీ లోపలికి వెళ్తారు. లెక్కల వీడియోకు కావలసింది సరిగ్గా అలాంటి ఇంటర్వెల్. చాలా పాఠాల్లో అదే లేదు. ప్రశ్న వేసిన మరుక్షణమే జవాబు తెర మీదకొచ్చేస్తుంది.

ఐదో తరగతి భిన్నాల పాఠం ఒకటి తీసుకుందాం. ఒకే సైజున్న రెండు బెల్లం అచ్చులు. ఒకదాన్ని మూడు సమభాగాలు చేసి రెండు ముక్కలు అన్నకు, రెండోదాన్ని నాలుగు సమభాగాలు చేసి మూడు ముక్కలు చెల్లెలికి ఇచ్చారు. ఎవరికి ఎక్కువ వచ్చింది? వీడియో ఇక్కడ ఆగిపోవాలి. క్లాసులో మూడు రకాల జవాబులు లేస్తాయి. చెల్లెలికే, మూడు ముక్కలు కదా అని కొందరు. అన్నకే, ముక్కలు పెద్దవి కదా అని కొందరు. ఇద్దరికీ సమానమే, రెండింటిలోనూ ఒక్కో ముక్కే మిగిలింది కదా అని ఇంకొందరు. ఈ మూడో జవాబులో పొరపాటుతో పాటే దారి కూడా ఉంది. మిగిలిన ఆ ఒక్క ముక్కను చూడమంటే చాలు. మూడో వంతు మిగిలినచోట ఎక్కువ మిగిలింది, నాలుగో వంతు మిగిలినచోట తక్కువ మిగిలింది. తక్కువ మిగిలింది కాబట్టి చెల్లెలికే ఎక్కువ వచ్చింది. హారాలు సమానం చేసే సూత్రం తర్వాత చెప్పినా, అది ఎందుకో అప్పటికే పిల్లలకు తెలిసి ఉంటుంది.

పొరపాటును తెర మీద చూపించాలా, దాచాలా? 'వెరిటాసియం' వీడియోలతో పేరు తెచ్చుకున్న డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసింది దీని మీదే. భౌతికశాస్త్రం పాఠాన్ని సూటిగా, తేటగా చెప్పిన వీడియో చూసినవాళ్లు చాలా బాగా అర్థమైందన్నారు. పరీక్ష పెడితే మార్కులు అంతగా మారలేదు. అదే విషయాన్ని ఇద్దరి సంభాషణగా మలిచి, అందులో ఒకరు జనం సాధారణంగా పొరబడే మాటలే అంటూ, రెండోవారు ప్రశ్నిస్తూ తీసిన వీడియో చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు. వాళ్లకే మార్కులు పెరిగాయి. తప్పు మాట్లాడేవాడు, వాణ్ణి నిలదీసేవాడు అన్న జంట తెలుగు సినిమా కామెడీ ట్రాక్‌కు ప్రాణం. అలాంటి సీన్లు రాయగల చేతులు ఫిల్మ్‌నగర్‌లో ఉన్నాయి. అవి లెక్కల పాఠం వైపు తిరగలేదు, అంతే.

సల్మాన్ ఖాన్ కథ కూడా ఇలాగే చదవాలి. ఈయన హిందీ నటుడు కాదు, ఆన్‌లైన్ పాఠాల ఖాన్ అకాడమీ ఖాన్. 2004లో బంధువుల అమ్మాయికి దూరం నుంచే లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టారు. 2006లో యూట్యూబ్‌లో వీడియోలు పెట్టారు. 2008లో సంస్థ కట్టారు. వీడియో కంటే ముందు అక్కడ ఉన్నది ఒక పిల్ల ప్రశ్న, ఒక పెద్దవాడి ఓపిక. లోకమంతా చూసింది వీడియోలను మాత్రమే.

ఎడిటింగ్ బల్ల మీది నిష్పత్తి

సినిమావాళ్ల దగ్గర లెక్కల పాఠానికి ముడిసరుకు కూడా ఉంది. రీళ్ల కాలంలో ఎడిటర్లు నిమిషాలను అడుగుల్లో కొలిచేవారు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు పదహారు ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు దాటగానే అయిపోతుంది. నాలుగు నిమిషాల పాటకు ఎన్ని అడుగులు? ఆరో తరగతి పిల్లలకు ఇంతకంటే బతికున్న నిష్పత్తి లెక్క దొరకదు.

ఇప్పటి ఎడిటింగ్ సూట్‌లో ఇంకో లెక్క. నిమిషానికి 120 దరువులున్న పాటలో దరువుకు సరిగ్గా 12 ఫ్రేములు. షాట్‌ను దరువు మీద కత్తిరించడం తేలిక. అదే 100 దరువుల పాటైతే దరువుకు 14.4 ఫ్రేములు. పాయింట్ నాలుగు దగ్గర ఫ్రేమును కోయడం కుదరదు కదా. అందుకని 14, 29, 43, 58 దగ్గర కోస్తే ప్రతిసారీ ఫ్రేములో సగం కంటే తక్కువే తేడా వస్తుంది. ఐదో దరువుకు సరిగ్గా 72వ ఫ్రేము దగ్గర పాటా బొమ్మా మళ్లీ కలుస్తాయి. దశాంశాలు, సవరించి రాయడం, క.సా.గు. మూడూ ఒక పాట పల్లవిలో ఉన్నాయి. ఒక ఎడిటర్ తన తెరను రికార్డు చేసి, 'తర్వాతి కోత ఎక్కడ వేయాలి?' అని అడిగి ఆపేస్తే ఏడో తరగతికి నాలుగు నిమిషాల వీడియో తయారు.

ఛోటా భీమ్‌ను పుట్టించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాదుదే. 2012లో ఈగను హీరోగా నిలబెట్టి రెండు గంటలకు పైగా జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది ఇక్కడి సినిమాయే. ఇంత చేయగల ఊరు మూడో వంతును, నాలుగో వంతును కదిలే బొమ్మలుగా చూపలేకపోవడం చేతకాక కాదు. ఎవరూ అడగక.

కొనేముందు ప్రివ్యూ

ప్రభుత్వాలు అడుగుతున్నది ఇంకోటి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ అనే ఆన్‌లైన్ పాఠాల కంపెనీ పాఠాలు వేసిన ట్యాబ్‌లు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2025లో తెలంగాణ విద్యాశాఖ ఖాన్ అకాడమీ, ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తదితర సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. ఉచితంగా వచ్చినా, డబ్బు పెట్టి కొన్నా, ఇలాంటి ఒప్పందాల్లో ముందుగా తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సంస్థ పోయినా పాఠం ప్రభుత్వ బడి దగ్గరే ఉంటుందా? తెలుగు మీడియం పిల్లకు లవం, హారం అన్న తన పాఠ్యపుస్తకం మాటలే వినబడతాయా? టీచరు కోరినచోట వీడియో ఆగుతుందా?

వీటికంటే ముందుది, పిల్లల ముందు పరీక్షించి చూశారా అన్నది. ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ వేయకుండా సినిమా వదలరు. జనం ఎక్కడ ఫోన్లు తీశారో చూసి, అక్కడ కత్తెర వేస్తారు. 1969లో అమెరికాలో మొదలైన 'సెసమీ స్ట్రీట్' పిల్లల కార్యక్రమానికి ఎడ్వర్డ్ పామర్ చేసిన పనీ అదే. టీవీ పక్కనే ఇంకో తెర పెట్టి, కొన్ని క్షణాలకోసారి మారే స్లైడ్లు వేసేవారు. పిల్లల చూపు టీవీ నుంచి ఎప్పుడెప్పుడు అటు జారిందో రాసుకుని, ఆ భాగాలను మార్చేవారు. మన సైట్ ప్రయోగంలోనూ పరిశోధకులు పల్లెల్లో మకాం వేసి జనం ఏం చూస్తున్నారో, ఏం పట్టించుకుంటున్నారో గమనించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వేల గంటల పాఠాలు తయారయ్యాయి గానీ, ఆ అలవాటు నిలవలేదు.

జూబ్లీహిల్స్‌లో దీన్ని మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. టీ-శాట్ స్టూడియో ఉంది, సార్వత్రిక విశ్వవిద్యాలయానికి దృశ్య శ్రవణ విభాగం ఉంది, రాతగాళ్లు, ఎడిటర్లు గుట్ట మీదే ఉన్నారు, పిల్లలు బస్తీ బడుల్లో ఉన్నారు. ఐదో తరగతి భిన్నాలతో మొదలుపెట్టవచ్చు. నాలుగైదు నిమిషాల చిన్న చిత్రాలు, ఒక్కోదానిలో రెండు చోట్ల ఇంటర్వెల్. ఒక్కో ఇంటర్వెల్‌లో పిల్లలు ఇచ్చే జవాబులు ఎలా ఉండొచ్చో, వాటికి ఏ ప్రశ్న వేయాలో టీచరుకు ఒక పేజీ కాగితం. విడుదలకు ముందు ఒక సర్కారు బడిలో ఒక సెక్షన్ పిల్లలకు ప్రివ్యూ. వీడియో ఆగినచోట వాళ్లు ఏమన్నారో రాసుకుని, ఆ మాటలతోనే సెకండాఫ్ తిరిగి రాయాలి. మూడు నెలలు గడిచాక అదే సెక్షన్‌కు వెళ్లి, 4/5 పెద్దదా 5/6 పెద్దదా అని అడిగి, జవాబు పక్కన కారణం కూడా రాయించాలి. వడోదరలో కరిగిపోయినట్టే ఇక్కడా కరిగిపోయిందో, నిలిచిందో ఆ కారణాలు చదివితే తెలుస్తుంది. తర్వాతి చిత్రానికి బడ్జెట్ అడిగేటప్పుడు ఫైలుకు జతచేయాల్సినవి ఆ కాగితాలే.